17 కిలోల యాంటెన్నా మీద 92 కిలోల గాలి

మా మరదలి కొడుకు పోయిన నెలలో సోంపేట నుంచి కాశీబుగ్గ వచ్చాడు. వాడికి ఈ ఏడే హామ్ రేడియో (సరదాకి సొంతంగా నడుపుకునే రేడియో స్టేషన్) లైసెన్స్ చేతికొచ్చింది. తన కాల్‌సైన్, అంటే స్టేషన్ గుర్తు పేరు, ఒక్కో అక్షరం విడదీసి చెబుతుంటే నా మొదటి రోజులు గుర్తొచ్చి కడుపు నిండిపోయింది. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. 15 మీటర్ల లాటిస్ టవర్ (ఇనుప కడ్డీల జాలీ టవర్), దాని మీద మూడు బ్యాండ్ల యాగీ (అడ్డ గొట్టాలతో ఒక వైపుకి గురిపెట్టే యాంటెన్నా), దాన్ని తిప్పడానికి రొటేటర్ అనే మోటారు. "పెదనాన్నా, యాంటెన్నా బరువు 17 కిలోలే. టవర్ మీదికి ఇద్దరు మనుషులు ఎక్కినా ఆగుతుందంట. ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు.

అదే పేజీలో అడుగున చిన్న అక్షరాలతో ఇంకో వరుస ఉంది. గంటకు 70 మైళ్ల గాలిలో 9 చదరపు అడుగులు అని, అంటే అంత గాలిలో ఆ టవర్ మోయగల యాంటెన్నా వైశాల్యం. వాడు దాన్ని చదవకుండా దాటేశాడు. 2018 అక్టోబరు దాకా నేనూ దాటేసినవాణ్ణే. వాడికి ఆ పూట సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మన జిల్లాలో కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలందరూ ఇదే ప్రశ్న అడుగుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఉండేవాళ్లు టవర్ ఎంచుకునేటప్పుడు ఎత్తు, గెయిన్ (యాంటెన్నా ఒక వైపుకి పంపే బలం), ధర ఇవన్నీ తర్వాత చూసుకోవాలి. మొదట ఆ చిన్న వరుస చదవాలి. అది మన గాలికి సరిపోకపోతే, సరిపోయే టవర్ కట్టించాలి, లేదా తుఫాను కబురు రాగానే దించేసుకోగలిగేది పెట్టుకోవాలి. ఈ రెండూ కాకుండా మధ్యలో ఏదో ఒకటి నిలబెట్టి దేవుడి మీద భారం వేయడాన్ని నేను ఒప్పుకోను.

బరువు వేరు, గాలి వేరు

నా మొదటి మాస్ట్ (యాంటెన్నా నిలబెట్టే పైపు స్తంభం) చేసిన వెల్డింగ్ మేస్త్రి, పని పూర్తయ్యాక దానికి రెండు చేతులతో వేలాడి చూపించాడు. "ఏనుగుని కట్టినా ఒంగదు బాబూ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిలువుగా పైనుంచి కిందికి ఎంత బరువు పెట్టినా ఆ పైపు మోసేదే. కానీ తుఫాను పైనుంచి కూర్చోదు, పక్కనుంచి తోస్తుంది. మన దగ్గర యాంటెన్నా అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అందరూ బరువు గురించే మాట్లాడతారు. టవర్‌ని పడగొట్టేది మాత్రం బరువు కాదు, గాలికి ఎదురు నిలిచే వైశాల్యం.

లెక్క పెద్ద కష్టమేం కాదు. మన దేశపు గాలి ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే సూత్రం ప్రకారం, గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. మన తీరానికి ఆ ప్రమాణం పటంలో ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఒత్తిడి 1500 న్యూటన్లు. మనకు అలవాటైన లెక్కలో చదరపు మీటరుకు 153 కిలోలు.

మావాడు చూపించిన లాంటి యాగీకి గాలికి ఎదురయ్యే వైశాల్యం అర చదరపు మీటరు అనుకుందాం. గుండ్రటి గొట్టాలకు 1.2 గుణకం వేసుకుంటే తోపు 92 కిలోలు వస్తుంది. 17 కిలోల వస్తువుని 15 మీటర్ల ఎత్తున 92 కిలోలతో పక్కకి తోస్తున్నట్టు. ఈ అంకె చెప్పగానే మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాడి వయసులో నేనూ అడిగి ఉండేదే అడిగాడు: "అంత గాలి ఎప్పుడొస్తుందని?"

గులాబ్‌కి నిలబడింది కదా

వాళ్ల ఊళ్లో వాడి సీనియర్ ఒకాయన 2019లో టవర్ వేయించుకున్నాడట. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు అది చెక్కుచెదరలేదట. ఆయన మాటే మావాడికి ధైర్యం. ఈ వాదన నేను చాలామంది దగ్గర విన్నాను. వినడానికి బాగుంటుంది, అనుభవం మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకే దీన్ని కొంచెం ఓపిగ్గా విప్పి చూడాలి.

గులాబ్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 75 నుంచి 85 కిలోమీటర్లు, విసురు (మధ్యమధ్యలో ఒక్కసారిగా కొట్టే గాలి) 95 దాకా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గర తీరం దాటినప్పుడు 140 నుంచి 150, విసురు 165. చూడటానికి రెట్టింపు కూడా కాదు. కానీ ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 95 దగ్గర ఆ యాగీ మీద పడే తోపు సుమారు 26 కిలోలు. 165 దగ్గర 77. మూడు రెట్లు. పైగా సోంపేట కళింగపట్నానికి చాలా ఉత్తరాన ఉంది కాబట్టి ఆ టవర్‌కి గులాబ్ పూర్తి విసురు తగిలి ఉండదు. గులాబ్‌కి నిలబడింది అంటే అది 26 కిలోల లోపు పరీక్ష పాసయిందని మాత్రమే అర్థం.

ఇక్కడ నాకే ఒకప్పుడు అర్థం కాని చిక్కు ఒకటుంది. గాలి వేగాలన్నీ ఒకే కొలత కావు. వాతావరణ శాఖ బులెటిన్‌లో చెప్పే నిలకడ వేగం మూడు నిమిషాల సగటు. మన ప్రమాణం మూల వేగం మూడు సెకన్ల విసురు. పాత అమెరికన్ కేటలాగుల్లో 70 మైళ్లు అంటే ఒక మైలు పొడవు గాలి దాటిపోవడానికి పట్టిన సమయాన్ని బట్టి కట్టిన వేగం. దాన్ని మూడు సెకన్ల విసురులోకి మారిస్తే దాదాపు 85 మైళ్లు అవుతుంది. బులెటిన్‌లో 150 అని చూసి, కేటలాగ్‌లో 160 అని చూసి, పది ఎక్కువే ఉంది కదా అనుకుంటే మోసపోతాం. విసురుని విసురుతోనే పోల్చాలి.

కొబ్బరి చెట్టుకి కట్టిన స్టే

తిత్లీ నాటికి నాది 12 మీటర్ల మాస్ట్. జీఐ పైపులు ఒకదాన్లో ఒకటి దించి, మూడు వైపులా స్టే వైర్లు (పడిపోకుండా పట్టి ఉంచే తీగలు) లాగి నిలబెట్టింది. మా ఇల్లు మీ అందరికీ తెలిసిన వరుస ఇల్లే, వీధి నుంచి పెరటి దాకా పొడవు, అడ్డం తక్కువ. ముందు వెనకా చోటు ఉంది, పక్కకి నాలుగు మీటర్లు కూడా లేదు. తూర్పు వైపు స్టేకి వేరే చోటు దొరక్క పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో కట్టాను. చెట్టు 30 ఏళ్లది, దానికంటే గట్టిది ఏముంటుంది అనుకున్నాను.

పదో తారీకు సాయంత్రం తీగలు బిగించే టర్న్‌బకిల్స్ ఇంకో రెండు చుట్లు బిగించి లోపలికి వచ్చేశాను. దించాలంటే నలుగురు మనుషులు కావాలి. ఆ పూట ఎవరి ఇంటి పైకప్పు సంగతి వాళ్లు చూసుకుంటున్నారు, ఎవర్ని పిలవను? రాత్రి మూడు దాటాక స్టే వైర్లు మోగడం మొదలైంది. సన్నగా మొదలై, గాలి పెరిగేకొద్దీ స్వరం పైకి వెళ్తోంది. కరెంటు లేదు, చీకట్లో మంచం మీద కూర్చుని ఆ మూడు స్వరాలు వింటున్నాను. ఉన్నట్టుండి వాటిలో ఒకటి ఆగిపోయింది. మిగతా రెండూ మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత నిమిషమో రెండు నిమిషాలో, పక్కింటి వైపు నుంచి పెద్ద శబ్దం.

తెల్లారాక చూస్తే యాగీ పక్కింటి సిమెంటు రేకుల మీద పడి ఉంది. రెండు రేకులు పగిలిపోయాయి. ఆ గదిలో మామూలుగా వాళ్ల అమ్మాయి పడుకుంటుంది. ఆ రాత్రి గాలికి భయపడి అందరూ వీధి గదిలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఆ పక్కింటి అన్నయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రేకులు నేను వేయించాను. ఆ గదిలో మంచం మీద పడి ఉన్న రేకు ముక్కలు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి.

పడిన దాన్ని విప్పుతూ ఒక్కోటి చూశాను. కొబ్బరి చెట్టు కూలలేదు, ఓ వైపు ఒరిగింది, అంతే. దానితో తూర్పు స్టే వదులైపోయింది. చెట్టు గాలికి ఊగడానికే పుట్టింది, దానికి కట్టిన తీగ ఎప్పటికీ బిగువుగా ఉండదు. ఇంకో స్టే దగ్గర తీగ మడతని పట్టి ఉంచే యు-క్లాంప్ తిరగేసి బిగించి ఉంది. యు బోల్ట్ తీగ తోక వైపు ఉండాలి, బరువు మోసే తీగ మీద జీను, అంటే క్లాంప్ రెండో ముక్క, ఉండాలి. నాది ఉల్టా. బోల్ట్ నొక్కిన చోట తీగ చదునైపోయి, మూడు పోగులు తెగి, చివరలు తుప్పు రంగులో ఉన్నాయి. అంటే అవి ఆ రాత్రి తెగినవి కావు.

అన్నిటికంటే ముఖ్యమైనది పైపు. పై స్టే రింగుకి రెండు మీటర్ల పైన యాగీ పెట్టాను, స్టే వైర్లకు తగలకుండా తిరగాలని. పైపు సరిగ్గా ఆ రింగు దగ్గరే మోకాలిలా మడతపడింది. తర్వాత లెక్క వేశాను. రెండంగుళాల బి-క్లాసు జీఐ పైపు సుమారు 190 నుంచి 210 కిలో-మీటర్ల (తోపు కిలోలని, దూరం మీటర్లతో హెచ్చించిన లెక్క) వంపు దగ్గర శాశ్వతంగా ఒంగడం మొదలెడుతుంది. 180 కిలోమీటర్ల గాలికి వచ్చే 92 కిలోలు రెండు మీటర్ల పైన అంటే 184, పైపు మీద పడే గాలి కూడా కలిపితే 200 దాటుతుంది. కొత్త పైపే ఆ గాలికి అంచు మీద ఉంటుంది. నాది ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి ఉన్న పైపు, మూడు పోగులు తెగిన తీగ, వదిలేసిన చెట్టు. టవర్ ఎంత గట్టిదైనా దాని నెత్తి మీది ఆ రెండు మీటర్ల పైపు గురించి కేటలాగ్ ఏమీ చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

స్టే వైర్ల గురించి ఇంకొక్క మాట. 12 మీటర్ల మాస్ట్‌కి స్టే మేకు తొమ్మిది మీటర్ల దూరంలో ఉంటే, పైన 92 కిలోల తోపుకి తీగలో లాగు 153 కిలోలు. అదే నాలుగు మీటర్ల దూరంలో ఉంటే 290. తోపు అదే, తీగ అదే, చోటు తక్కువ కావడం వల్ల లాగు దాదాపు రెట్టింపు. మన వరుస ఇళ్లలో స్టేలతో పెద్ద మాస్ట్ వద్దనడానికి ఇదొక్కటి చాలు.

ఆ 9 చదరపు అడుగులు

ఇప్పుడు మావాడి కేటలాగ్‌కి వద్దాం. 70 మైళ్ల దగ్గర 9 చదరపు అడుగులు అంటే, 70 మైళ్లని మూడు సెకన్ల విసురు అనే తీసుకుంటే, మన 180 కిలోమీటర్ల దగ్గర ఒత్తిడి రెండున్నర రెట్లు. తొమ్మిదిని రెండున్నరతో భాగిస్తే మూడున్నర అడుగులు అనుకుంటాం. అంత కూడా రాదు. ఎందుకంటే ఆ టవర్ తన మీద పడే గాలిని ముందు తానే మోయాలి. యాంటెన్నాకి ఇచ్చేది ఆ తర్వాత మిగిలినది. గాలి పెరిగినప్పుడు టవర్ సొంత భారం కూడా రెండున్నర రెట్లు పెరుగుతుంది, మిగులు అంతకంటే వేగంగా తరుగుతుంది. కొన్ని టవర్లకు మన వేగం దగ్గర మిగులు సున్నా అయినా ఆశ్చర్యం లేదు. అంటే ఖాళీ టవరే అంచు మీద ఉంటుంది. అందుకే భాగహారం మనం చేసుకోకుండా 180 కిలోమీటర్ల విసురుకి ఎంత అని అమ్మేవాణ్ణి రాతపూర్వకంగా అడగాలి. చెప్పలేకపోతే ఆ టవర్ మన తీరం కోసం చేసింది కాదు.

పునాది మాట కూడా ఇందులోదే. ఉద్దానం ఇసుక నేలలో గొయ్యి తవ్వి కాంక్రీటు పోస్తాం. ఘనపు మీటరు కాంక్రీటు 2400 కిలోలు ఉంటుంది కదా, కదలదు అనుకుంటాం. తుఫాను వచ్చేసరికి వాన పడి నేల నిండిపోతుంది. నీళ్లలో మునిగిన కాంక్రీటు ఘనపు మీటరుకు 1400 కిలోలే పనిచేస్తుంది. గాలి ఎక్కువగా తోసే గంటలోనే పునాది 40 శాతం తేలికవుతుంది.

ఇంకోటి, సంక్రాంతికో వినాయక చవితికో వీధి కుర్రాళ్లు వచ్చి "బాబాయ్, మీ టవర్‌కి ఫ్లెక్సీ కట్టుకుంటాం" అంటారు. రెండు మీటర్లకు ఒక మీటరు ఫ్లెక్సీ అంటే నాలుగు యాగీల వైశాల్యం. నేను ఎవరికీ ఒప్పుకోను. మాట పోయినా సరే.

155 కిలోల ప్రశ్న

2015లో సవరించిన మన గాలి ప్రమాణంలో తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు కట్టడాలకు తుఫాను గుణకం పెట్టారు. మామూలు కట్టడాలకు 1, పరిశ్రమలకు 1.15, తుఫాను తర్వాత అవసరమయ్యే వాటికి 1.30. ఆ మూడో జాబితాలో తుఫాను షెల్టర్లు, ఆసుపత్రులు, బడులతో పాటు కమ్యూనికేషన్ టవర్లు కూడా ఉన్నాయి. 50ని 1.3తో గుణిస్తే 65 మీటర్లు, గంటకు 234 కిలోమీటర్లు. మన యాగీ మీద తోపు 155 కిలోలు.

హామ్ టవర్ ఆ జాబితాలోకి వస్తుందా? శ్రీకాకుళంలో సివిల్ ఇంజనీరుగా ఉన్న నా మిత్రుడు రాదంటాడు. అది ప్రజాసేవకు పెట్టిన పెద్ద టవర్ల కోసం, ఇంటి పెరట్లో సరదాగా పెట్టుకునే వాటి కోసం కాదు అంటాడు. ప్రమాణం చదివే పద్ధతిలో ఆయన మాట సరైనదే కావచ్చు. నాకు మాత్రం మనసు ఒప్పదు. విపత్తులో ఫోన్లు పోయినప్పుడు మేమున్నాం అని చెప్పుకుంటాం. కలెక్టరేట్‌లో మాక్ డ్రిల్ పెడితే బ్యాడ్జీలు తగిలించుకుని వెళ్తాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడి కైలాసగిరి మీది డాప్లర్ రాడార్‌ని కూడా దెబ్బతీసిన రోజు గురించి కథలు చెప్పుకుంటాం. అన్నీ చెప్పుకుని, టవర్ లెక్క దగ్గరికొచ్చేసరికి మాది సరదా వ్యవహారం అంటే ఎలా?

అలాగని ప్రతి ఇంట్లో 65 మీటర్ల గాలికి టవర్ కట్టించమనడం కూడా అన్యాయమే. మావాడికి వచ్చే జీతానికి ఆ పునాదే రాదు. ఈ రెండింటి మధ్య చాలా రోజులు నలిగాను. 20 ఏళ్లు ఉంచే టవర్ అయితే, 50 ఏళ్లకోసారి వచ్చే గాలిని ఆ 20 ఏళ్లలో చూసే అవకాశం మూడింట ఒక వంతు. ఆ ఒక వంతు కోసం అంత ఇనుము పెట్టలేని వాళ్లకి మిగిలిన దారి, గాలి వచ్చే వేళకి టవర్ అక్కడ లేకుండా చేయడం. అందుకే మడత టవర్ వైపు వచ్చాను. అడుగున కీలు, చేతితో తిప్పే విన్చ్ (తాడు చుట్టే చక్రం), ఇద్దరు మనుషులు.

దించితే ఇంక రేడియో ఎందుకు

మావాడు గట్టిగా పట్టుకున్నది ఇక్కడే. "తుఫాను రోజే దించేస్తే మనం ఎందుకు పెదనాన్నా?" మంచి ప్రశ్న. ఎత్తు వల్ల లాభం లేదని నేను అనను. 20 మీటర్ల బ్యాండ్‌లో (తరంగం పొడవు 20 మీటర్లు) 10 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నా సుమారు 30 డిగ్రీల కోణంలో ఎక్కువ శక్తి పంపుతుంది. 20 మీటర్ల ఎత్తున ఉంటే 14 డిగ్రీలకు దిగుతుంది. యూరప్, అమెరికా స్టేషన్లు వినాలంటే ఆ తేడా నిజంగా తెలుస్తుంది. ఆ ఆనందం నేనూ అనుభవించాను, వాణ్ణి కాదనను.

కానీ తిత్లీ మర్నాడు మాకు అమెరికాతో పనిలేదు. పని విశాఖతో, విజయవాడతో. పడిపోయిన యాగీ నుంచి కోయాక్స్ కేబుల్ కోసుకుని, పది మీటర్ల రాగి తీగలు రెండు కట్టి, ఐదు మీటర్ల వెదురు బొంగు మీద 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ వేశాను. 12 వోల్టుల బ్యాటరీతో పెట్టగానే విశాఖ వైపు నుంచి జవాబొచ్చింది. అంత తక్కువ ఎత్తున డైపోల్ శక్తిని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపుతుంది, అది ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి తిరిగి కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో పడుతుంది. విపత్తులో మనకు కావలసింది అదే. రెండు మిల్లీమీటర్ల మందం, 20 మీటర్ల పొడవు తీగ మీద 180 కిలోమీటర్ల గాలి తోపు ఏడు కిలోలు. యాగీ దిగిపోయినా ఈ తీగ తన చోట ఉంటుంది. తెగినా పావుగంటలో ఇంకోటి కట్టుకోవచ్చు.

దించడంలో ఉన్న అసలు ప్రమాదం వేరే. గాలి మొదలయ్యాక దించబోతే టవర్ మన మీదే పడుతుంది. వాతావరణ శాఖ సైక్లోన్ అలర్ట్ 48 గంటల ముందు ఇస్తుంది. నిర్ణయం ఆ గంటలోనే అయిపోవాలి. 24 గంటల హెచ్చరిక వచ్చాక చూద్దాం అంటే నా పదో తారీకు సాయంత్రమే మళ్లీ వస్తుంది. దించిన టవర్ పడుకోబెట్టే చోటు మీద నుంచి కరెంటు తీగలు పోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా పెరట్లో ఉన్నది తొమ్మిది మీటర్ల మడత టవర్. స్టే మేకులన్నీ కాంక్రీటులో ఉన్నాయి, ఏదీ చెట్టుకి లేదు. నెత్తి మీద పైపు అర మీటరే. మావాడు వచ్చిన సాయంత్రం వాడి చేతే దింపించాను. నేను తాడు పట్టుకున్నాను, వాడు విన్చ్ తిప్పాడు. టవర్ నేల మీదికి వచ్చేసరికి 25 నిమిషాలు పట్టింది. కీలు పిన్ దగ్గర వేలితో రాసి చూశాడు, గోధుమ రంగు పొడి అంటుకుంది. గ్రీజు డబ్బా ఎక్కడుందని అడిగాడు.